పెన్సిల్ పేర్లు, పెన్ను పేర్లు

మా ఆఫీసు గోడకు ఒక పెద్ద తెల్ల చార్టు ఉండేది. పైన తేదీలు, ఎడమ పక్కన ఊళ్లు, మధ్య గళ్లలో మనుషుల పేర్లు. తొమ్మిదేళ్లపాటు ఆ గళ్లు నింపింది నేనే. డిగ్రీ అయ్యాక, మొయినాబాద్‌లో పాలీహౌస్‌లు కట్టే ఆ చిన్న సంస్థలో ఫోన్లు ఎత్తడానికి చేరాను. మూడు నెలలు తిరక్కుండానే ఎవరిని ఏ పనికి పంపాలో చెప్పేది నేనే అయ్యాను. నన్నెవరూ ఆ కుర్చీలో కూర్చోబెట్టలేదు. చెప్పేవాళ్లు లేక నేనే చెప్పడం మొదలుపెట్టాను. నాకు నోరు కాస్త ఎక్కువే.

పాలీహౌస్ అంటే ఇనుప పైపులతో చట్రం నిలబెట్టి, మీద మందపాటి ప్లాస్టిక్ కవరు ఎక్కించి, లోపల జెర్బెరా పూలో క్యాప్సికమో పెంచుకునే ఇల్లు. చూడటానికి సులువే. కానీ గుంతలు తీయించి పైపులన్నీ ఒకే వరుసలో, ఒకే మట్టంలో నిలబెట్టేవాడు వేరు. రెండు కప్పులు కలిసే చోట వాననీళ్లు పోవడానికి ఇనుప గట్టరు ఉంటుంది. పదిహేను అడుగుల ఎత్తున ఆ గట్టరు మీద నడుస్తూ కవరు లాగి బిగించేవాడు వేరు. లోపల డ్రిప్పు పైపులు పరిచేవాడు వేరు. మా దగ్గర పద్నాలుగు మంది ఉండేవారు. అందరూ ఒకటే పని చేస్తారనుకునేవాళ్లు, పప్పు బాగా వండినామె బిర్యానీ కూడా అంతే బాగా వండుతుందనుకునే రకం. అలాంటివాళ్లే మాకు ఎక్కువగా ఫోన్లు చేసేవారు.

మాకు పని ఎప్పుడొస్తుందో రైతులకిచ్చే సర్కారు సబ్సిడీ ఫైలుకూ, కవర్లు చింపే గాలిదుమారానికీ తప్ప ఎవరికీ తెలియదు. ఫైలు కదిలితే ఒకేసారి నలుగురు రైతులు పిలుస్తారు. ఆగితే నాలుగు నెలలు ఈగలు తోలుకోవడమే. జన్వాడలో ఒక ఫాంహౌస్ ఆవిడ స్ట్రాబెర్రీలు పెంచుతానని అరెకరానికి కొలతలు తీయించింది. వారం తిరిగేసరికి అదే చోట స్విమ్మింగ్ పూల్ తవ్విస్తున్నానని ఫోన్ చేసింది. ఆ అరెకరం కోసం నేను నలుగురిని ఆపి ఉంచాను. వాళ్లు ఆ వారం ఇంకో చోట వచ్చిన పని వదులుకున్నారు. అప్పటినుంచే చార్టు మీద పెన్సిల్ మొదలైంది.

పద్ధతి ఇది. నోటిమాట మీద ఉన్న పనికి పేరు పెన్సిల్‌తో రాస్తాను. అంటే ఆ మనిషి నాకొక మాట చెప్పి వేరే పనికి పోవచ్చు, నేను పిలిస్తే రావాలి. అడ్వాన్సు చేతికి వచ్చి, పొలంలో గుంతల కొలతకు ముగ్గు పోశాక, ఆ పేరును పెన్నుతో దిద్దుతాను. ఇక అతను ఎక్కడికీ పోడు, మేమూ అతన్ని తీసెయ్యం. ఈ కట్టుబాటు ఏ కాగితం మీదా లేదు. అయినా పొద్దున ఆఫీసుకు వచ్చినవాళ్లు చాయ్ గ్లాసు ముట్టకముందే చార్టు చూసేవారు. చదువు రానివాళ్లు కూడా నీలం రంగు ఉందా లేదా చూసుకుని పోయేవారు.

చార్టు కాక నాకొక నోట్‌బుక్ ఉండేది. మనిషిని పనికి జత చేయడమంటే పనితనం ఒక్కటే చూస్తే సరిపోదు. ఒకాయన భార్యకు వారానికి రెండు రోజులు దవాఖానలో డయాలసిస్. ఆయన్ను మొయినాబాద్ దాటి పంపకూడదు. ఇద్దరు బావాబావమరుదులకు మాటల్లేవు, కానీ వేర్వేరు సైట్లలో ఇద్దరూ బంగారాలే. ఇంకొకతనికి టేపు మీద అంకెలు చదవడం రాదు, ఆ సంగతి చచ్చినా బయటపెట్టడు. కొలతను పైకి చదివే అలవాటున్న వాడిని అతనికి జతగా పంపితే చాలు. ఇవన్నీ వాళ్లు నాకు అందరి ముందూ చెప్పలేదు. అందరూ పోయాక, చెప్పులు వేసుకోబోయి ఆగి, మళ్లీ లోపలికి వచ్చి చెప్పేవారు. "రాసుకుంటున్న గని ఎవలకు చెప్ప" అనేదాన్ని. తొమ్మిదేళ్లు ఆ మాట మీదే నిలబడ్డాను.

వాళ్లందరిలో పెద్దవాడు పైపుల వరుస పెట్టే మేస్త్రి. యాభై ఐదు దాటి ఉంటాయి. సగం మందికి పని నేర్పింది ఆయనే. నీళ్లు నింపిన సన్న ట్యూబు ఒకటి, దారం ఉండ ఒకటి, ఇవే ఆయన పనిముట్లు. ఎకరం నేల మట్టం వాటితోనే తేల్చేవాడు. లేజర్ మిషన్ తెచ్చిన ఇంజనీరు ఒకసారి ఆయన పెట్టిన వరుస కొలిచి, తన మిషన్‌నే రెండుసార్లు సరిచూసుకున్నాడు. నేను ఆయన్ను అన్న అనేదాన్ని, ఆయన నన్ను చెల్లె అనేవాడు.

ఒకసారి శంకర్‌పల్లి దగ్గరి ప్రొద్దుటూరులో కవరు ఎక్కిస్తుండగా, వాలు సరిచూడటానికి ఎక్కిన అన్న గట్టరు మీదినుంచి ఉన్నట్టుండి దిగి, పైపు పట్టుకుని కూర్చున్నాడట. రెండు రోజుల తర్వాత ఆఫీసుకు వచ్చి, అందరూ పోయేదాకా ఆగాడు.

"చెల్లె, మీదికి ఎక్కితే కండ్లు తిరుగుతున్నయ్. దవాఖానల చూపించుకున్న. చెవిల ఏదో ఉన్నదంట, మందులకు తక్కువ గాదంట. కింద ఉంటే మంచిగనే ఉంటది. ఎవలకు చెప్పకు."

"చెప్ప అన్న. నిన్ను మీదికి పంపితే గద."

ఆ రోజునుంచి అన్నను నేలమీది పనులకే పంపాను. గుంతలు, వరుస, గట్టరుకు ఎంత వాలు ఉండాలో ఆ లెక్క, ఇవన్నీ ఆయనవి. ఎక్కే పనికి కాళ్లు చురుకైనవాణ్ని జత చేశాను. కవరు ఎక్కించే రోజు అన్న కింద నిలబడి, గాలి చూసి, ఎప్పుడు లాగాలో ఎప్పుడు వదలాలో పైవాళ్లకు కేకేసి చెప్పేవాడు. పని ముందుకంటే మెరుగైంది. ఎవరికీ అనుమానం రాలేదు. నా నోట్‌బుక్‌లో ఆయన పేరు పక్కన "ఎత్తు వద్దు, చెవి. కింద పని బంగారం" అని రాసుకున్నాను. నా ఉద్యోగంలో నేను చేసిన మంచి పని ఏదని అడిగితే, ఆ జత కుదర్చడమే అని గర్వంగా చెప్పేదాన్ని, చెప్పకూడని సంగతి కాకపోయి ఉంటే.

మా సారు కోస్తా నుంచి తొంభైల్లో వచ్చి, సాఫ్ట్‌వేర్‌లో చాలా ఏళ్లు చేసి, విసుగొచ్చి ఈ సంస్థ పెట్టారు. మాట నెమ్మది. పనివాళ్లను కూడా "మీరు" అనేవారు. "ఈ కంపెనీకి కళ్లు మీరేనమ్మా" అని నాతో ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. పొగడ్తకు లొంగనని చెప్పుకునే మనిషిని నేను. ఆ మాటకు మాత్రం ప్రతిసారీ లొంగాను.

ఆ ఏడాది ఉగాదికి ముందు చేవెళ్ల దగ్గర ఎనిమిదెకరాల పని మాటకొచ్చింది. అంత పెద్ద పని మేమెన్నడూ చేయలేదు. పద్నాలుగు మంది పేర్లూ పెన్సిల్‌తో రాశాను. పండుగైన వారానికి సారు వచ్చి చార్టు ముందు నిలబడ్డారు.

"చేవెళ్లది పెన్నుతో రాసేయండమ్మా. ఓకే అయిపోయినట్టే."

"అడ్వాన్సు వచ్చిందా సార్?"

"వస్తుంది. నా మాట మీద రాసేయండి. లేకపోతే మనవాళ్లు చెదిరిపోతారు."

రాశాను. అడ్వాన్సు రాకుండా పెన్ను పట్టడం తొమ్మిదేళ్లలో అదే మొదటిసారి. ఆ పద్ధతి పెట్టిందీ నేనే, తప్పిందీ నేనే. ఆయన మాట మీద అనుమానం రాలేదా అంటే, రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

తర్వాతి వారం అన్న వచ్చాడు. కొండకల్ దగ్గర రైలు పెట్టెల ఫ్యాక్టరీ వైపు మనుషులను పెట్టే ఒక కాంట్రాక్టరు ఆయన్ను అడిగాడట. నేలమీద నిలబడి సామాన్ల మట్టాలు సరిచూసే పని, ఎక్కేది దిగేది లేదు, నెల జీతం. తెల్లారితే చెప్పాలి.

"పోవాల్నా, వద్దా? నువ్వే చెప్పు చెల్లె" అన్నాడు. అని చార్టు వైపు చూశాడు. "నా పేరు పెన్నుతోని ఉన్నది గద."

"ఉన్నది అన్న. ఎనిమిదెకరాలు. నువ్వు లేకుంటే వరుస ఎవలు పెడ్తరు?"

ఆయన ఇంకేమీ అడగలేదు. నా ముందే ఫోన్ తీసి, రానని చెప్పేశాడు. నాకు ఎంత సంతోషమైందో ఇప్పటికీ గుర్తుంది. చాయ్ తెప్పించి, ఒట్టి చాయ్ ఎందుకని ఉస్మానియా బిస్కెట్లు కూడా తెప్పించాను.

మే నెలలో గాలిదుమారాలు వచ్చాయి. శంకర్‌పల్లి నుంచి చేవెళ్ల దాకా ఎక్కడ చూసినా చినిగిన కవర్లే. ఫోన్ కింద పెట్టే తీరిక లేదు. గాలి లేచేలోపు పని అయిపోవాలి కనుక మావాళ్లు తెల్లవారుజామునే సైట్లకు పోయేవారు. చుట్టుపక్కల మాలాంటి సంస్థలన్నీ మనుషులు దొరక్క తలలు పట్టుకుంటే, మాకు మాత్రం పద్నాలుగు మంది సిద్ధంగా ఉన్నారు. జూన్ సగానికల్లా చిరుగుల పనులన్నీ పూర్తయ్యాయి. సారు అందరికీ బిర్యానీ తెప్పించారు.

ఆ మర్నాడే నా టేబుల్ దగ్గరికి వచ్చారు. "చేవెళ్ల పనికి టీములు కంప్యూటర్‌లో పెడదామమ్మా. మీ నోట్‌బుక్ ఒకసారి ఇస్తారా?"

"అది నా గుర్తు కోసం రాసుకున్నది సార్. ఎవరిని ఎక్కడికి పంపాలో నేను చెప్తాను కదా."

"నా దగ్గర కూడా దాపరికమా?" అని నవ్వారు.

ఇచ్చాను. అక్కడే నిలబడి ఒక్కో పేజీ ఫోన్‌తో ఫొటో తీసుకున్నారు. "మీ చేతిరాత ముత్యాలమ్మా" అన్నారు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అంటారు కదా, ఆ సామెత మా అమ్మ నోట వందసార్లు విని కూడా ఆ నిమిషంలో నాకు గుర్తుకు రాలేదు.

పది రోజులకు అందరినీ ఆఫీసుకు పిలిచారు. సారు లాప్‌టాప్ తెరిచి కూర్చున్నారు. చేతిలో పనులు లేవన్నారు, ఎప్పుడొస్తాయో తెలియదన్నారు, మనుషులను బెంచ్ మీద కూర్చోబెట్టి జీతమిచ్చే స్తోమత తనకు లేదన్నారు. బెంచ్ అనేది ఆయన సాఫ్ట్‌వేర్ నుంచి తెచ్చుకున్న మాట, పని లేక ఖాళీగా ఉన్నవాళ్లు అని. ఐదుగురిని తీసేస్తున్నానన్నారు. ఎవరికీ అన్యాయం జరిగిందనిపించకూడదు కాబట్టి కారణాలు కూడా చెబుతానన్నారు. చదవడం మొదలుపెట్టారు.

"వారంలో రెండు రోజులు అందుబాటులో ఉండరు" అనగానే డయాలసిస్ ఆమె భర్త తలెత్తాడు. "కొలతలు చదవలేరు" అన్నది రెండోది. ఏళ్ల తరబడి పక్కన పనిచేసినవాళ్లు అప్పుడే తెలుసుకుని అతని వైపు తిరిగారు. అతను తన కాళ్లు చూసుకున్నాడు. అవి నా మాటలే. కాస్త ఇస్త్రీ చేసి చదువుతున్నారు, అంతే. నాలుగో పేరు అన్నది. "ఎత్తు మీద పనిచేయలేరు. ఆరోగ్య కారణం."

అన్న సారు వైపు చూడలేదు. నా వైపు చూశాడు. కోపంగా కూడా కాదు, వచ్చిన ఇల్లు ఇదేనా కాదా అని తలుపు దగ్గర నిలబడి చూసినట్టు చూశాడు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. నోరు ఎక్కువని చెప్పుకునేదాన్ని, లేచి ఒక్క మాట అని ఉండాల్సింది.

అందరూ పోయాక సారు గదిలోకి వెళ్లాను.

"మీరే కదమ్మా రాశారు? అబద్ధమా అందులో ఏమైనా?"

"అబద్ధం కాదు సార్. ఎక్కడికి పంపకూడదో తెలియడానికి రాసుకున్నాను. పంపేయడానికి కాదు."

"పని ఎప్పుడు, ఎక్కడ, ఏది వస్తుందో తెలియనప్పుడు ఎవరిని ఎక్కడికైనా పంపగలగాలి కదా. షరతులున్న మనిషిని ఎలా పెట్టుకోను?"

మాటకు మాట చూస్తే అందులో తర్కం ఉంది. అదే నన్ను ఎక్కువ మండించింది. షరతుల్లేని మనిషి ఎవరు సార్ అని అడిగాను. ఆయన లాప్‌టాప్ మూశారు. చేవెళ్ల పని సంగతి అడిగితే, "అది పోయిందమ్మా, ఈమధ్యే" అన్నారు.

అక్కడితో ఆగి ఉంటే ఆయన్ను అవసరంలో పడ్డ మనిషి అనుకుని ఊరుకునేదాన్నేమో. మర్నాడు ఆ ఎనిమిదెకరాల నక్షా తిరిగివ్వడానికి చేవెళ్ల భూమి చూసుకునే ఆయనకు ఫోన్ చేశాను.

"ఇంక గది ఎందుకమ్మా? గా భూమి ప్లాట్లకు ఇచ్చేసినం. ఉగాదికి ముంగటనే మీ సారుకు చెప్పిన గద" అన్నాడు.

ఫోన్ పెట్టేసి చార్టు ముందు నిలబడ్డాను. ఉగాదికి ముందే పోయిన పనికి, ఉగాది తర్వాత నాచేత పెన్ను పట్టించారు. మేలో గాలి వస్తుందని, అప్పుడు మనుషులకు కరువొస్తుందని ఆయనకు తెలుసు. అందాకా వాళ్లను కట్టేయడానికి ఒక గుంజ కావాలి. ఆ గుంజ నేనే. గాలి పోయింది, చిరుగులు అతికించడం అయింది, ఏరు దాటి తెప్ప తగలేశారు. పెద్ద స్కేలు తీసుకుని చార్టును నిలువునా చింపాను. ఆ నెలాఖరుకే మానేశాను.

మానేసే ముందు అన్న ఇంటికి వెళ్లాను. వదిన మంచినీళ్లిచ్చి లోపలికి పోయింది, కూర్చోమనలేదు. అన్న అరుగు మీద ఉన్నాడు. జరిగిందంతా చెప్పాను. చేవెళ్ల సంగతి కూడా చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు.

"సారుతోని నాకేం లేదు చెల్లె. ఆయన ఎక్కడోడో, నేను ఎక్కడోన్నో. నేను నీకు చెప్పిన. నువ్వు కాయితం మీద పెట్టినవ్."

"నిన్ను మీదికి పంపొద్దనే రాసిన అన్న."

"నాకెరుకనే. మతిల పెట్టుకుంటే అయిపోవు గద."

కొండకల్ పని మళ్లీ అడిగావా అన్నాను. "అడిగిన. వేరేటోన్ని పెట్టుకున్నరంట" అన్నాడు. నేను లేచాను. ఇంకెక్కడైనా పని చూస్తానని అనబోయి, ఏ ముఖంతో అనాలో తెలియక చెప్పులు వేసుకున్నాను.

ఇప్పుడు చేవెళ్లలో డ్రిప్పు సామాన్లు అమ్మి బిగించే చోట పనిచేస్తున్నాను. అక్కడా ఎవరిని ఎక్కడికి పంపాలో చూసేది నేనే. మొన్న చలికాలంలో, చేవెళ్ల అవతల కొత్తగా లేస్తున్న ఒక పాలీహౌస్‌కు డ్రిప్పు కొలతల కోసం వెళ్లాను. పొద్దున ఏడయి ఉంటుంది, గాలి లేదు, కవరు ఎక్కిస్తున్నారు. కట్టిస్తున్న కాంట్రాక్టరు ఎదురొచ్చి, కొలతల కాగితం చేతికిచ్చాడు. నేను తలెత్తి చూశాను. పదిహేను అడుగుల మీద, గట్టరు అంచున, కవరు కొస పట్టుకుని అన్న నడుస్తున్నాడు.

"ముసలోడు గని పిల్లిలెక్క నడుస్తడు మేడం. మొన్ననే కుదిరిండు. ఏం తక్లీఫ్ లేదు, ఏ పనికైనా సై అంటడు" అన్నాడు కాంట్రాక్టరు. "మీకు ఎరుకనా?"

అప్పుడే అన్న ఆగాడు. పైపును మోచేత్తో చుట్టుకుని, తల వంచి, కళ్లు మూసుకున్నాడు. కింద ఉన్నవాళ్లకు అది కవరు సరిచూసుకుంటున్నట్టే ఉంటుంది. అది ఏమిటో ఆ పొలంలో నాకొక్కదానికే తెలుసు. కళ్లు తెరిచి కిందికి చూసినప్పుడు నేను కనబడ్డాను. తల కొద్దిగా అడ్డంగా ఊపాడు.

ఒక్క మాట చెబితే చాలు, ఆయన్ను దించేస్తారు. రేపటినుంచి రావద్దని కూడా చెప్తారు. చెప్పకపోతే, ఆ పైపు మీది చెయ్యి ఏ క్షణాన జారుతుందో నాకు తెలియదు. నన్ను నమ్మి ఒకసారి చెప్పి చూశాడు. ఇంకెవరికీ చెప్పకూడదని అప్పుడే నేర్చుకున్నాడు. నేర్పింది నేనే.

"ఎరుకనే" అన్నాను కాంట్రాక్టరుతో. "మంచి పనోడు."

కొలతల కాగితం పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆ వరుస కవరు బిగించేదాకా ఆయన కాళ్ల మీదినుంచి చూపు తిప్పలేదు. అన్న నిచ్చెన మీద ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ దిగాడు. డ్రమ్ము దగ్గర ముఖం కడుక్కుని, తువ్వాలతో తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"బాగున్నవా చెల్లె?"

"ఉన్న అన్న. నువ్వు మీదికి..."

"ఇప్పుడేం లేదు. అంత మంచిగైంది" అన్నాడు, నా ముఖం చూడకుండా.

ఆయన నాతో అబద్ధమాడటం అదే మొదటిసారి. రెండో వరుస కవరు ఎక్కించాలని పైనుంచి ఎవరో పిలిచారు. అన్న తువ్వాల నడుముకు చుట్టుకుని మళ్లీ నిచ్చెన వైపు పోయాడు.